మంచుకొండమీది విడిది

సొమ్మిచ్చి బసచేసినవాడు అతిథియా, యజమానుడా? ఈ ప్రశ్న పైకి మాటలపట్టింపువలె కనబడును గాని, దానికి మనమిచ్చు ఉత్తరమునుబట్టి కొండలలో కొందరి బ్రతుకులు బాగుపడుటయో చెడుటయో జరుగుచున్నది. మన పెద్దలు గృహస్థుడు అతిథికి చేయవలసిన మర్యాదలను విస్తరించి చెప్పిరి. కాళ్లకు నీళ్లిచ్చుట మొదలు పొలిమేరవఱకు సాగనంపుటదాక దానికొక క్రమము కలదు. అతిథి గృహస్థునకు చేయవలసినదేమో మాత్రము అంతగా చెప్పలేదు. చెప్పవలసిన యవసరము వారికి తోచియుండదు. వేళగాని వేళ వచ్చి, ఒక పూట తిని, ఒక రాత్రి పండుకొని తెల్లవారి పోవువాడు ఆ యింటికెంత కీడు చేయగలడు? నేడు బస కోరువాడు అట్టివాడు కాడు. మూడునెలల ముందుగా గదిని తన పేర వ్రాయించుకొని, రొక్కము చెల్లించి, ఫలానా వసతులుండవలెనని షరతులు పెట్టి వచ్చుచున్నాడు.

మా మెదకు పట్టణమునుండి చలికాలమునందు మంచు చూచుటకు పోవువారు కొన్నియేండ్లుగా హెచ్చుచున్నారు. హైదరాబాదులో కొలువుచేయు పిల్లలు సెలవు పెట్టి, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, మనాలికో గుల్మార్గుకో ఔలీకో పోవుదురు. అక్కడ స్కీలను పొడుగుపాటి చెక్కలను కాళ్లకు తగిలించుకొని వాలుమీద జారుట నేర్చుకొందురు. పడుదురు, లేతురు, నవ్వుకొందురు. ఇది దుబారా యని మా వీధి పెద్దలు కొందరు గొణుగుచుందురు. మేమా పక్షమువారము కాము. నల్లని గుండ్లును, చింతచెట్లును, వేసవిలో నెఱ్ఱెలువిచ్చు చెరువులును చూచి పెరిగిన కన్నులకు మోకాటిలోతు మంచు చూడవలెనను కోరిక తప్పు కాదు. ఏబదియేండ్లు వంటయింటి పొగలో గడపిన యొక యిల్లాలు కోడలి చేయి పట్టుకొని ఆ మంచులో నడచినదనిన మాకు సంతోషమే. తీర్థయాత్ర యని పేరు పెట్టిననే గాని ఆడది గడప దాటరాదను కాలము పోవుట మేలు. మా సందేహము ప్రయాణమునుగూర్చి కాదు, విడిదినిగూర్చి.

కొండమీది విడిదిలో మన ముందుకు వచ్చు ప్రతి వస్తువు క్రిందినుండి ఎక్కినదే. బియ్యము, పప్పు, గ్యాసుబుడ్డి, పరుపు, దీపము వెలిగించు యంత్రమునకు డీజిలు—ఇవన్నియు రోడ్డున్నంతవఱకు లారీమీదను, ఆపైని కంచరగాడిదమీదను, అదియు పోలేనిచోట మనిషి వీపుమీదను పోవలెను. అట్లు మోయువారిలో నేపాళమునుండి పొట్టకూటికి వచ్చిన కూలీలు పెక్కుమంది. మంచుపడు దినములలో గొట్టములలో నీరు గడ్డకట్టును. అప్పుడు బిందెలతో నీళ్లు తెచ్చి, కాచి, గదిగదికి మోసి యిచ్చుటయే గతి. మెదకులో ఒక కాగు నీళ్లు కాచుట పనిలో పని కాదు. అక్కడ ఆ కాగు వెనుక ఎంతో నడకయు, ఒక మోపు కట్టెలును, వేకువను చలిలో లేచిన యొక కుఱ్ఱవాడును ఉన్నారు. గది కిరాయిలోనే వేడినీళ్లు చేరినవని మనమందుము. చేరినమాట నిజమే. ఆ కిరాయిలో కుఱ్ఱవాని పాలెంత యని అడుగువారరుదు.

వెల యనునది ఇద్దరి యవసరముల నడుమ కుదిరిన యొడంబడిక. అమ్మువాని యవసరము పెద్దదైనచో వెల చిన్నదగును. అంతియే గాని వస్తువు వెనుకనున్న కష్టమంతయు వెలలోనికి దిగదు. సంతలో ఆకుకూరలమ్ము ముసలమ్మవద్ద ఈ సంగతి మనకందరకు తెలిసినదే. బసవద్దకు వచ్చుసరికి మాత్రము రొక్కము చెల్లించితిమి గనుక ఋణము తీరినదనుకొందుము. తీరినది విడిది యజమానునితోడి లెక్క. ఆ యజమానుడు తరచుగా ఆ కొండమీద నుండనే యుండడు.

ఔలీ సంగతి చూతము. ఉత్తరాఖండములో జోషీమఠమునకు పైని, సముద్రమట్టమునకు రమారమి 2,500 మొదలు 3,000 మీటర్ల యెత్తున నున్న పచ్చికబయళ్లవి. చలికాలమున మంచుతో నిండును. జోషీమఠము మనవారికి క్రొత్త పేరు కాదు. శంకరాచార్యులు స్థాపించినదని చెప్పబడు జ్యోతిర్మఠమచటనే యున్నది. చలికాలమున బదరీనాథుని గుడి మూసినపుడు పూజలు జరుగు నరసింహాలయమును అచటనే. బదరీయాత్రకు పోయిన తెలుగువారెందరో ఆ యూర రాత్రి గడపినవారే. ఆ యూరు పూర్వమెన్నడో విరిగిపడిన కొండచరియల మట్టిదిబ్బమీద కూర్చున్నదనియు, అక్కడ భారీకట్టడములు కట్టరాదనియు, చెట్లు కొట్టరాదనియు 1976లోనే మిశ్రా సంఘము హెచ్చరించినది. హెచ్చరిక కాగితములలో నిలిచినది. అంతస్తులు కొండమీద లేచినవి. 2011లో దక్షిణాసియా శీతకాలక్రీడలు ఔలీలో జరిగినవి. ఆకాశమునుండి పడిన మంచు చాలనపుడు యంత్రములతో మంచు చేయుటకై అక్కడ నొక కొలనును కట్టిరి. 2019 జూనులో ఒక సంపన్న కుటుంబము అక్కడ రెండు పెండ్లిండ్లు చేసి పోగా, మిగిలిన చెత్త వందలకొలది క్వింటాళ్లయినది. ఆ వ్యాజ్యము ఉన్నతన్యాయస్థానమువఱకు పోయినది. 2023 జనవరినాటికి జోషీమఠములో ఎనిమిదివందలకు పైగా కట్టడములు బీటలువారినవి. ఒకదానిమీదికొకటి యొరిగిన రెండు హోటళ్లను విప్పివేయవలసివచ్చినది. ఔలీకి పోవు నాలుగు కిలోమీటర్ల తీగమార్గము ఆగిపోయినది. కాపురమున్న కుటుంబములను తాత్కాలికపు బసలకు తరలించిరి. ఊరూరివారికి విడిదులిచ్చి బ్రతికినవారు తామే పరుల విడిదిలో తలదాచుకొనిరి.

ఇందుకు విహారమునకు పోయినవాడే కారణమనుట అన్యాయము. మురుగుకాలువలు సరిగా లేకపోవుట, రోడ్లకొరకు తొలచిన వాలులు, నీటివిద్యుత్తునకై త్రవ్విన సొరంగము—వీనిలో దేని పాలెంత యని వాదములు జరిగినవి. అయినను ప్రతి గదికి ఒక స్నానపుగది కోరినవారెవరు? అందులో ధారాళముగా వాడిన నీరు మురుగై ఏ మట్టిలోనికి ఇంకినది? పునాదిక్రింది మట్టి నానుచుండగా పైన మరియొక అంతస్తు ఎవరికొరకు లేచినది? కొండకు పోయినవాడు కొండను చూడగోరును. కాని పండుకొనుటకు మాత్రము మైదానమునే కోరును. మా దృష్టిలో చిక్కంతయు ఇచ్చటనే యున్నది. గఢవాలు పల్లెలవారి తిండి తైదరొట్టె. మన మెదకుసీమలోను తాతలు తైదంబలి త్రాగి పెరిగినవారే. అయినను మనవారు అక్కడ ఇడ్లీయు సాంబారును లేవని వంటవానిమీద విసుగుకొందురట!

మా మిత్రుడొకడు ఈ మాటలు విని, “అయ్యా, మీరు పోవలదన్నచో ఆ వంటవాని గతి యేమి? మీ ధర్మచింత వాని కడుపు నింపునా?” అని యడిగెను. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. 2020లో కోవిడు వ్యాధివలన దారులు మూతపడినపుడు కొండలలో కంచరగాడిదలవారును, దారి చూపువారును, వంటవారును కూలి లేక అలమటించిరి. సేద్యము చాలని నేలలో చలికాలపు యాత్రికుడే వారికి రెండవ పంట. కావున పోవలదని మేమనము. పెద్ద హోటలునకిచ్చు సొమ్ములో కొంత, అక్కడి పల్లెలో తమ యింటనే రెండు గదులు యాత్రికులకు విడిచిన కుటుంబమునకిచ్చి, వారు తినునదే తిని, వారు వాడినన్ని నీళ్లే వాడుకొన్నచో వచ్చు నష్టమేమి? స్నానము ఒక పూట తప్పిన మైల పడునా? మడికట్టు కాలములో మనమిటువంటి వాదములు చాల వింటిమి. ఇప్పుడు మడి పోయినది, దాని స్థానమున సౌకర్యమను మరియొక మడి వచ్చినది.

ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసునుండి కాశికి బయలుదేరి, హైదరాబాదుమీదుగా నాగపూరు త్రోవను పోయి, మరుసటి యేడు తిరిగి వచ్చెను. ఆయన బీదయాత్రికుడు కాడు. సుప్రీముకోర్టులో ఉద్యోగి, పల్లకీయు బోయీలును పరివారమును కలవాడు. ప్రతి మజిలీయందును నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని విసుగులేక వ్రాసెను. ఆ వ్రాతలో ఊరికేమి కలదో తెలిసికొనవలెనను తహతహ కనబడును. మనమిప్పుడు గది కుదుర్చుకొనుచు అడుగునది మనకేమి దొరకునని. ఆ యూరికి నీళ్లెచ్చటినుండి వచ్చుచున్నవని యడుగము.

స్కీలకు పుట్టినిల్లనదగిన నార్వేదేశమునందు 1868లో స్థాపింపబడిన పర్యాటకసంఘమొకటి కలదు. దాని కుటీరములు కొండలలో వందలకొలది యున్నవి. వానిలో కొన్నిటికి కావలివాడుండడు. సభ్యులవద్ద ఒకే రకపు తాళపుచెవి యుండును. లోపల కట్టెలు, పరుపులు, డబ్బాలలో తిండి. మంచులో అలసి వచ్చినవాడు తానే పొయ్యి రాజేసి, వండుకొని, గిన్నెలు కడిగి, వాడుకొన్నదంతయు వ్రాసి, పైకము తానే లెక్కగట్టి చెల్లించును. పోవునపుడు నేల తుడిచి, తరువాత వచ్చువానికొరకు కట్టెలు సిద్ధముచేసి పోవును. ఆ వచ్చువాడెవడో వీనికి తెలియదు. వానికి వీడు తెలియడు. అక్కడ పరిచారకుడు లేడు గనుక యజమానుడును లేడు. ఒకడే మనిషి సాయంకాలము అతిథి, తెల్లవారి గృహస్థుడు. మేము మొదట అడిగిన ప్రశ్నకు ఇంతకన్న మంచి యుత్తరము మాకు తోచలేదు.

మనదేశమున అట్టి కుటీరము కట్టిన వారము తిరుగకమునుపే గిన్నెలు మాయమగునని నవ్వువారున్నారు. మేమంత సులభముగా ఒప్పుకొనజాలము. మెతుకుదుర్గమని పూర్వనామము గల యూరివారము. కూటికి వచ్చినవానిని తిరుగగొట్టుట మా యెరుకలో లేదు. శివరాత్రికి ఏడుపాయల జాతరలో మంజీర పాయల నడుమ గుండ్లమీద వేలకొలది కుటుంబములు దిగును. చెట్టుక్రింద మూడురాళ్ల పొయ్యి పెట్టి వండుకొని, ఆరుబయట పండుకొందురు. పోవునపుడు ఆ మూడురాళ్లను ఎవరును తన్ని పారవేయరు. మసిబారి అట్లే యుండును, వెనుక వచ్చిన మరియొక కుటుంబము వానిమీదనే కుండ పెట్టును. ఇదియు ఎవరో తెలియనివారికి చేసిన యుపకారమే. అయితే ఆ రాళ్లచుట్టునే ప్లాస్టికు పళ్లెములు, నీళ్లసీసాలు, పాలిథీను సంచులు కుప్పలుపడి, తరువాతి వానలకు పాయలలో కలియుచున్నవి. రాళ్లు విడిచిన చేతులును, సీసాలు విడిచిన చేతులును ఒకటే.

ఏడుపాయలకు పోవునపుడు బండిలో ఒక గోనెసంచి అదనముగా వేసికొని, తమ చెత్తను తామే తిరిగి తెచ్చుకొను కుటుంబములు మా వీధిలో రెండు కలవు. ఆ యిండ్ల పిల్లలు వచ్చు చలికాలమునకు ఔలీకి ప్రయాణమగుచున్నారు. గోనెసంచిని అంతదూరము తీసికొనిపోవుటకు మాత్రము వారికి సిగ్గుగా నున్నదట.