నేర్చుకునేవాడి బాకీ

ఐ.టి.ఐ. ముగించి హోసూరులో అప్రెంటిస్‌గా చేరిన తెలుగు కుర్రాడొకడు స్టయిపెండు ఖాతాకని మా బ్యాంకుకు వచ్చాడు. "పని ఎలా ఉందయ్యా?" అన్నాను. "నా యాసకు నవ్వుతారు సార్, మెషీను ముట్టనివ్వరు" అన్నాడు.

ప్రభుత్వ విద్యాసంస్థలో భాష కారణంగా ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగం 29(2) అధికరణం చెబుతుంది. గడప దాటాక? 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షను ప్రకారం అతడు శిక్షణార్థి, కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు సాధారణంగా వర్తించవు. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం మహిళా అప్రెంటిస్‌లను కూడా ఉద్యోగినులుగానే లెక్కించింది. తక్కిన అవమానాల సంగతేమిటి?

పని రాదని చిన్నచూపు చూస్తాం. రాకనే కదా నేర్చుకోవడానికి వచ్చాడు! మనకూ ఒకప్పుడు ఎవరో ఓపికగా నేర్పారు. ఆ అప్పు తీర్చవలసింది ఇలాంటి కుర్రాడికే. చట్టం అడగలేదని బాకీ రద్దవుతుందా?