జ్ఞాపకం పోతే బుద్ధి కూడా పోయినట్టేనా?

పోయిన వీడియోలో గీత రెండో అధ్యాయం 63వ శ్లోకం గురించి చెప్పుకున్నాం కదా. కోపం వల్ల మోహం, దానివల్ల స్మృతి చెదరడం, స్మృతి చెదిరితే బుద్ధి నాశనం. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు. జ్ఞాపకం, ఆలోచన ఒకటేనా, వేరువేరా?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా దగ్గర డేటా దాచే చోటు వేరు, లెక్క చేసే ప్రాసెసర్ వేరు. మనిషి కూడా అంతేలే అనుకునేవాణ్ణి. మా అమ్మమ్మ వల్ల ఆ నమ్మకం కదిలింది.

అమ్మమ్మకి 81 ఏళ్లు. డాక్టర్ డిమెన్షియా అన్నారు. "అన్నం తిన్నావా నాన్నా?" అని పది నిమిషాలకోసారి అడుగుతుంది. మొన్న నేను ఆఫీసు నుంచి రాగానే మాత్రం గుమ్మంలో నా బూట్లు చూసి, "వాన పడుతోందేంట్రా? మేడ మీద బట్టలున్నాయేమో చూడు" అంది. తడి చూసి వానని ఊహించింది. మనం అనుమానం అంటే డౌట్ అనుకుంటాం గానీ, శాస్త్రంలో అనుమానం అంటే ఇదే.

17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో ఈ సంగతి ఉంది. జ్ఞానం రెండు రకాలు: స్మృతి, అనుభవం. కేవలం సంస్కారం వల్ల పుట్టేది స్మృతి. అనుమానం వల్ల వచ్చే జ్ఞానం అనుభవం కిందికి వస్తుంది. అంటే రెండూ వేరే. కానీ ఆయన చెప్పిన ఉదాహరణే చూడండి. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవాలంటే, వంటింట్లో పొగ, నిప్పు కలిసి ఉండటం చూసిన సంగతి గుర్తు రావాలి. జ్ఞాపకం లేకపోతే తర్కం అడుగు కూడా వేయలేదు. పేర్లు రెండు, పని మాత్రం కలిసే.

సైన్స్‌లోనూ ఇలాంటి కథ ఒకటుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి మూర్ఛ తగ్గాలని మెదడుకి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకి గుర్తుండేవి కావు. తెలివితేటలు మాత్రం తగ్గలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. రోజురోజుకీ చెయ్యి కుదురుకుంది, ముందు రోజు గీసిన సంగతి మాత్రం ఆయనకి గుర్తులేదు. అంటే జ్ఞాపకమే ఒకటి కాదన్నమాట. అమ్మమ్మ విష్ణు సహస్రనామం తడబడకుండా చదువుతుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

మరి స్మృతి పోతే బుద్ధి నాశనం అని కృష్ణుడు అన్నది అమ్మమ్మ లాంటి వాళ్ల గురించా? శంకరుల భాష్యం చూశాక మనసు కుదుటపడింది. అక్కడ స్మృతి అంటే శాస్త్రం, గురువు నేర్పినదాని వల్ల మనలో నిలిచిన ఎరుక. బుద్ధి నాశనం అంటే ఏది చేయాలో, ఏది చేయకూడదో తేల్చుకోలేకపోవడం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఒక రాత్రి ఆఫీసు సర్వర్ పడిపోయింది, కాల్ నడుస్తోంది. అమ్మమ్మ ఆరోసారి వచ్చి తిన్నావా అంది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని అరిచేశాను. "సరేలే నాన్నా" అని వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి అదే ప్రేమతో అడిగింది. నా అరుపు ఆమెకి గుర్తులేదు. నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి స్మృతి పోయింది ఎవరికి? చిన్నప్పుడు నాకు గోరుముద్దలు తినిపించిన చెయ్యి అదేనని నేను మర్చిపోయాను. బిడ్డ ఆకలి కనుక్కోవాలన్నది ఆమె మర్చిపోలేదు. శ్లోకంలో ఉన్నది ఆమె కాదు, నేను.

ఈ జబ్బు ముదిరితే తడి బూట్లు చూసి వాన ఊహించే శక్తి కూడా పోవచ్చని తెలుసు. ఆ రోజు ఆమె తరఫున గుర్తుపెట్టుకోవాల్సింది మేమే.

ఇప్పుడు ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఒకటే. "తిన్నాను అమ్మమ్మా. నువ్వు తిన్నావా?"

మీ ఇంట్లోనూ ఇలా అడిగే పెద్దవాళ్లుంటే ఈ రాత్రి కాసేపు వాళ్ల పక్కన కూర్చోండి. కృష్ణార్పణం.