డేగ పిల్లలేం తింటాయి?

శిబి చక్రవర్తి కథ మనకి తెలియంది కాదు. పావురం వచ్చి ఒళ్లో పడటం, వెనకే డేగ రావడం, ఆయన తన మాంసం కోసి త్రాసులో వెయ్యడం. ఈ కథ నేనూ చాలామందికి చెప్పాను. ఈ వేసవిలో మా మేనల్లుడికి చెప్పినప్పుడు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

మాది విశాఖ జాలరిపేట. నాన్నది సముద్రం మీద వేట. నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మే నెలలో ఇంటికెళ్లినప్పుడు అక్క పిల్లలిద్దర్నీ, నాన్ననీ కంబాలకొండ తీసుకెళ్లాను. సిటీని ఆనుకునే ఉన్న అడవి అది, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. చిరుతలు కూడా ఉన్నాయి. మాకు కనిపించినవి సీతాకోకచిలుకలు, ఒక తొండ. చిన్నది ఆ తొండకే మురిసిపోయింది.

"అభయారణ్యం అంటే ఏటి మావా?" అన్నాడు పెద్దోడు బోర్డు చూసి.

"భయం లేని అడవిరా. ఇక్కడ ఎవరూ దేన్నీ వేటాడకూడదు" అన్నాను. ఊరుకోకుండా శిబి కథ ఎత్తుకున్నాను.

వాడు అంతా విని, "మరి డేగ పిల్లలేం తింటాయి?" అన్నాడు. పక్కన బెంచీ మీద కూర్చున్న నాన్న నవ్వారు.

నిజానికి భారతంలో డేగ అడిగేది కూడా ఇదే. ఇది నాకు విధి ఇచ్చిన ఆహారం, నేను పస్తుంటే నా భార్యాపిల్లలూ పోతారు, ఒక ప్రాణం కాపాడి ఇన్ని ప్రాణాలు తీస్తే అదేం ధర్మం అంటుంది. మనం కథ చెప్పేటప్పుడు ఆ ముక్క దాటేస్తాం. డేగని దుర్మార్గుణ్ణి చేసేస్తాం. శిబి అలా చెయ్యలేదు. "నువ్వు క్రూరుడివి, ఫో" అనలేదు. నీ ఆకలి నిజమే అని ఒప్పుకుని, దానికి తగ్గ బరువు తన ఒంట్లోంచి తూచి ఇచ్చాడు.

సముద్రానికీ ఏటా ఒక అభయం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మా తూర్పు తీరంలో బోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ నిషేధం తప్పని నేననను, నాన్నా అనరు. "తల్లి చేపని పట్టేస్తే రేపు వలలో ఏటి పడతాది?" అంటారు ఆయనే. కాకపోతే ఆ రోజుల్లో బోటు ఒడ్డునే ఉంటుంది, వల కుట్టుకుంటూ కూర్చోవాలి. ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు. నాకు లెక్కల అలవాటు కదా, భాగించి చూశాను. రోజుకి 328 రూపాయలు. ఇంటిల్లిపాదికీ.

కిందటేడు ఇదే నెలలో అన్నం తింటూ నాన్నతో, "మంచి రూలే కదా నాన్నా, పర్యావరణానికి మంచిది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా జీతం ఒకటో తారీఖున పడుతుంది, 61 రోజులూ పడుతుంది. హైదరాబాద్‌లో నాకు చెరువు చేప ఎప్పుడూ దొరుకుతుంది. పావురం పక్కన నిలబడి మాట్లాడటానికి నాకు ఖర్చయింది ఏమీ లేదు. త్రాసులో రెండో పళ్లెం ఒకటుంటుందని నాకు గుర్తే లేదు.

అభయం ఇచ్చానని చెప్పుకునేది ఒకరు, దాని బరువు మోసేది ఇంకొకరు అయితే, దాన్ని దానం అనొచ్చా? అడవికైనా అంతే. లోపల జింక నిర్భయంగా తిరుగుతోందంటే, ఒకప్పుడు ఆ కొండల్లో కట్టెలు ఏరుకున్నవాళ్లూ, మేకలు తోలుకున్నవాళ్లూ ఏదో వదులుకునే ఉంటారు. మనం టికెట్ కొని చూసొచ్చాం, అంతే. చట్టం అందరి కోసం పెట్టిందే, సరే. కానీ అందరి మీదా ఒకేలా పడటం లేదు కదా.

పిల్లాడికి ఇదంతా చెప్పలేను. "శిబి వాటికీ పెట్టాడులేరా" అన్నాను. "ఏం పెట్టాడు?" అన్నాడు. వాడు వదిలే రకం కాదు. ఈలోగా చిన్నది దాహం అంది, బతికిపోయాను.

రాత్రి ఇంటికొచ్చాక, ఈ రెండు నెలలకీ ఎంత అప్పయిందని నాన్నని అడిగాను. "నీకెందుకురా అయ్యన్నీ" అని వల అందుకున్నారు. వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగాను. అమ్మ చెప్పింది.