నక్షత్రకుడి పది నిమిషాలు

మా నాన్న తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్ళు నక్షత్రకుడి వేషం కట్టారు, హరిశ్చంద్రుడి వెంటపడి అప్పు అడిగే విశ్వామిత్రుడి శిష్యుడి వేషం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో పేరొచ్చే పద్యాలు రాజుగారివి, వన్స్‌మోర్లు కాటిసీనువి. తిట్లు మాత్రం నాన్నవి. ముందు వరసలో చాపలు పరుచుకున్న ముసలమ్మలు "వీడి నోరు పడిపోను, ఆ పసివాణ్ణి కాసేపు కూర్చోనివ్వడే" అని మెటికలు విరిచేవాళ్ళు. తెల్లవారుజామున కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ నాన్న అనేవారు: "అప్పు విశ్వామిత్రుడిది. అడగటం వరకే నాది."

2022 జూలై 30న ఆ మాట నాకు గుర్తు రాలేదు.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తొమ్మిదేళ్ళు అద్దెకున్న అపార్ట్‌మెంట్ వదిలి ఫ్రిస్కోలో కొనుక్కున్న ఇంటికి మారుతున్నాం. లీజు 31తో సరి. ఆషాఢంలో కొత్తింట కాలు పెట్టకూడదని ఆగాం. అది వెళ్ళి శ్రావణం వచ్చి రెండు రోజులైంది. ఆదివారం తెల్లవారుజామున పాలు పొంగించుకోమన్నారు పంతులుగారు. అంటే సామాను చేర్చడానికి మాకున్నది ఒక్క శనివారం. అందుకే ఆరు వారాల ముందే 20 అడుగుల ట్రక్కు, ఫ్రిజ్ నడిపించడానికి డాలీ, చెక్క సామానుకు గీతలు పడకుండా కప్పే దుప్పట్లు డజను రిజర్వు చేశాను. మీ బండి ఖాయమైందని ఫోనుకు సందేశం వచ్చింది. దాన్ని నమ్మి నలుగురు స్నేహితులను పొద్దున్నే ఇంటికి రమ్మన్నాను.

ఎనిమిదింటికి అద్దె కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి నా ముందు ఐదు కుటుంబాలున్నాయి. కౌంటర్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక్కడే. నా వంతు వచ్చాక కంప్యూటర్ చూసి పది నిమిషాలు ఆగమన్నాడు. తొమ్మిదింటికి అడిగితే పది నిమిషాలే. పదింటికీ అదే. ఈలోగా కంపెనీ పెద్ద నంబరుకు ఫోన్ చేశాను. మీ బండి ఆ కొట్లోనే ఉంది, నా తెర మీద కనిపిస్తోంది అంది అవతలి ఆవిడ. నా తెర మీద లేదు అన్నాడు కుర్రాడు. ఇద్దరూ తెర చూసే చెబుతున్నారు. నేను అద్దంలోంచి బయటి ఆవరణ చూస్తున్నాను. కాళ్ళు కాలే తారు మీద రెండు చిన్న ట్రైలర్లు తప్ప ఏమీ లేవు.

పదకొండింటికి చెప్పాడు. రాత్రి తిరిగి రావలసిన బండి రాలేదట. 30 మైళ్ళ అవతల డెంటన్‌లో సాయంత్రం నాలుగింటికి ఒకటి దొరుకుతుంది, డాలీ మాత్రం లేదన్నాడు. నేను అరిచాను. వరసలో పసిపిల్లలున్నారని కూడా చూడలేదు. నీ మాట నమ్మి నలుగురు మనుషులు నా ఇంట్లో ఎదురు చూస్తున్నారు, నీకు సిగ్గు లేదా అన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "రిజర్వేషన్లు తీసుకునేది నేను కాదు. నేను తాళాలు ఇస్తానంతే" అన్నాడు.

కారులో కూర్చున్నాక ఆ మాటే చెవిలో తిరిగింది. నాన్న ఇంగ్లీషులో చెప్పినట్టే ఉంది.

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటుకు దగ్గరలోని పార్కులో 2014లో పెట్టిన గాంధీగారి కంచు విగ్రహం ఉంది. ఏడడుగుల మనిషి, నడుస్తున్నట్టు ఉంటాడు. ఆ తొమ్మిదేళ్ళలో నా సాయంత్రాలు చాలావరకు అక్కడే గడిచాయి. గాంధీగారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ రోజు ఆ విగ్రహం పక్క నుంచే వెళుతూ ఒక్కటే అనుకున్నాను. హరిశ్చంద్రుడి కథలో మాట ఇచ్చిన నోరు, ఆ మాట కోసం అమ్ముడుపోయిన ఒళ్ళు ఒక్క మనిషివి. అందుకే దానికి సత్యం అని పేరు పెట్టగలిగాం. నా చేతిలో ఉన్న మాటకు నోరేది? దాన్ని పంపింది యంత్రం. ఫోనులో చదివింది ఒకావిడ. కాదన్నది ఒక కుర్రాడు. బండిని వేళకు తిరిగివ్వనిది నేనెన్నడూ చూడని మనిషి. నలుగురిలో ఎవరినీ అబద్ధాలకోరు అనలేను. అయినా అబద్ధం జరిగింది. పాపానికి కర్త లేడంటే నా మనసు ఒప్పుకోదు. కర్తను చూపించమంటే వేలు ఎటు పెట్టాలో తెలియదు.

(మన బ్యాంకుల్లో, కొట్లలో కొనుగోలుదారుడి గొప్పతనం గురించి గాంధీగారి పేరుతో ఒక బోర్డు వేలాడుతుంది, చూసే ఉంటారు. అది ఆయన రచనల్లో ఎక్కడా దొరకదు. ఎవరిదో తెలియని మాటకు ఆయన నోరు అతికించారు. మాట నిలబడాలంటే ఒక మనిషి కావాలని ఆ బోర్డు రాయించినవాళ్ళకూ తెలుసునన్నమాట.)

డెంటన్‌లో బండి తీసుకునేటప్పుడు కాగితాలు మొదటిసారి పూర్తిగా చదివాను. చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది: అడిగిన చోట, అడిగిన పరిమాణంలో బండి ఇవ్వడానికి ప్రయత్నిస్తారట, ఇస్తామని హామీ లేదట. ద్రోణపర్వంలో ధర్మరాజు ఏం చేశాడు? అశ్వత్థామ చచ్చాడని పెద్దగా అని, ఏనుగు అన్న ముక్క ఎవరికీ వినపడకుండా అన్నాడు. అక్షరాలా చూస్తే ఆయన చెప్పింది నిజమే. కానీ అంతవరకూ నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలకు దిగింది. చెప్పిన మాటలో నిజం ఉందా లేదా అని కాదు భారతం అడిగింది. వినేవాడు ఏమని నమ్మాలని నువ్వు ఆ మాట అన్నావు? ఖాయం అన్నది పెద్ద అక్షరాల్లో, హామీ లేదన్నది చీమ అక్షరాల్లో రాసినవాళ్ళ రథం కూడా నేల మీదే నడుస్తుంది. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే ఆరు వారాల కిందట ఆ కాగితం కిందే ఒక గడి ఉంది. చదివాను, ఒప్పుకుంటున్నాను అని. నేను చదవలేదు. టిక్కు పెట్టాను. నోరు లేకుండా నేనూ ఒక మాట ఇచ్చాను.

స్నేహితుల్లో ఇద్దరు మధ్యాహ్నానికే వెళ్ళిపోయారు. 40 డిగ్రీల ఎండలో ఫ్రిజ్‌ను దుప్పటి మీద పెట్టి లాగి, పూజామందిరాన్ని మా ఆయన, నేను చెరోవైపు పట్టుకుని దింపాం. రాత్రి తొమ్మిదిన్నరకు, తెనాలిలో ఆదివారం పొద్దున, నాన్న ఫోన్ చేశారు. జరిగిందంతా చెప్పాను. నా వైపు మాట్లాడతారనుకున్నాను.

"ఆ కుర్రాడు పొద్దుటి నుంచి నుంచునే ఉన్నాడా అమ్మా?"

"నుంచునే ఉన్నాడు నాన్నా."

"హరిశ్చంద్రుడితోపాటు నక్షత్రకుడూ అడవంతా నడిచాడు. ఆ ఎండే, ఆ ఆకలే. అది ఎవరికీ కనపడదు."

కాదనలేదు. కానీ అంతటితో ఆ కుర్రాణ్ణి వదిలేయలేకపోయాను కూడా. బండి లేకపోవడం వాడిది కాదు. తెర వాడిది కాదు, చీమ అక్షరాలు వాడివి కావు. కానీ ఆ పది నిమిషాలు? అవి ఏ కంపెనీ రాసివ్వలేదు. అవి వాడి నోట్లోంచి వచ్చాయి. ఎనిమిదింటికే బండి లేదని చెప్పి ఉంటే ఎండ ముదరక ముందే నేను వేరే దారి వెతుక్కునేదాన్ని. సేవకుడికి యజమాని అప్పుతో సంబంధం ఉండకపోవచ్చు. తన నోటితో తనకు ఉంటుంది.

ఆదివారం పాలు పొంగాయి. మధ్యాహ్నం బండి తిరిగివ్వడానికి ఇర్వింగ్ కొట్టుకే వెళ్ళాను. వాడే ఉన్నాడు. నన్ను చూసి భుజాలు బిగించుకున్నాడు. నిన్న వరసలో అందరి ముందు అరిచినందుకు క్షమించమన్నాను. తల ఊపాడు. బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, పెట్రోలు ముల్లు చూసి కాగితం మీద సున్నా చుట్టాడు. అప్పుడు అడిగాను, కోపం లేకుండానే. నిన్న ఎనిమిదింటికే బండి లేదని నీకు తెలుసా?

పెన్ను ఆగింది. కాసేపు కాగితం వైపే చూశాడు.

"తెలుసు" అన్నాడు.