మష్వరాలో ఆమె మాట ఏది?



ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కి జీవనం సాగించే కుటుంబాలున్నాయి. ఆ పని చేసేవారిలో మన ముస్లిం సోదరీమణులే ఎక్కువ. అలాంటి ఒక ఇల్లాలికి రొమ్ములో గడ్డ కనిపించిందనుకుందాం. ఆత్మకూరులో చూపించారు. నెల్లూరులో ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. ఆ రాత్రి ఇంట్లో భర్త, కొడుకులు, భర్త అన్నదమ్ములు మష్వరాకు కూర్చుంటారు. ఏ ఊరు వెళ్ళాలి, ఏ ఆపరేషన్ చేయించాలి, ఖర్చు ఎంత? అన్నీ మాట్లాడుకుంటారు. ఆమె మాత్రం వంటింట్లో వారికోసం టీ కాస్తూ ఉంటుంది. ఆమెకు చెప్పింది ఒక్కటే: “మామూలు గడ్డే అమ్మీ!”

ఇది ప్రేమతో చేసే పనే, సందేహం లేదు. కాని ఇది న్యాయమేనా?

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని దివ్యఖుర్ఆన్ తెలిపింది (42:38). పసిబిడ్డకు గడువుకు ముందే పాలు మాన్పించాలన్నా తల్లీతండ్రీ ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరి సమ్మతితో చేయాలని ఆదేశించింది (2:233). పాలు మాన్పించడానికే తల్లి సమ్మతి కావాలంటే, ఆ తల్లి రొమ్మునే తీసివేసే విషయంలో ఆమె మాట అక్కరలేదా? క్రీ.శ. 628లో హుదైబియాలో సహాబాలు దుఃఖంతో కదలలేకపోయిన వేళ, దైవప్రవక్త (స) హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా విని దాని ప్రకారం నడుచుకున్నారు. మనం ఆ ప్రవక్త (స) ఉమ్మత్‌కు చెందినవాళ్ళం.

పైగా ఇక్కడ నిజంగానే ఎంచుకోవలసింది ఉంది. తొలిదశలో చాలామందికి రొమ్ము మొత్తం తీయనక్కరలేదు. గడ్డనూ దాని చుట్టూ కొంత భాగాన్నీ తీసి, తర్వాత రేడియేషన్ ఇవ్వవచ్చు. అమెరికా, ఇటలీ దేశాల్లో 20 సంవత్సరాలు రోగులను గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. రెండు పద్ధతుల్లోనూ ప్రాణానికి భరోసా దాదాపు సమానమేనని తేలింది. అయితే రేడియేషన్‌కు కొన్ని వారాలపాటు దాదాపు రోజూ ఆసుపత్రికి వెళ్ళాలి. ఉదయగిరి నుండి నెల్లూరే సుమారు 100 కిలోమీటర్లు. ఇల్లు వదిలి అన్నాళ్ళు ఉండగలదా, రొమ్ము లేకుండా బ్రతకడం ఆమెకు ఎంత భారం? ఈ రెండింటికీ జవాబు డాక్టరు దగ్గరా లేదు, భర్త దగ్గరా లేదు. ఆమె దగ్గరే ఉంది.

“చెబితే ధైర్యం కోల్పోతుంది కదా!” అంటారు. గుసగుసలు విని ఆమె ఎప్పుడో గ్రహించి ఉంటుంది. దాచడం వల్ల భయం పోదు, ఆ భయాన్ని ఆమె ఒంటరిగా మోయాల్సి వస్తుంది. అప్పులు తీర్చుకోవడం, అమానతులు అప్పగించడం, వసీయత్ చెప్పడం, మాఫీ కోరడం ఆమె మీద కూడా బాధ్యతలే. ఆ అవకాశాన్ని లాక్కునే హక్కు మనకెక్కడిది? మెల్లగా, ఆమె అడిగినంత మేరకు చెప్పాలి. “వివరాలు నాకొద్దు, నువ్వే చూసుకో బేటా” అని ఆమే అంటే, అది కూడా ఆమె నిర్ణయమే.

సలహా ఇచ్చేవారికీ ఒక మాట. తలకు గాయమైన ఒక సహాబీకి గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చాలదని తోటివారు తెలియకుండానే చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడి, తెలియనప్పుడు అడగడమే అజ్ఞానానికి మందు అని బోధించారు. “కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది” అని వాకిట్లో చెప్పిపోయే వారు ఈ సంఘటనను జ్ఞాపకం ఉంచుకోవాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ డాక్టరు, మందుల డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని ఒక్కో రోగి గురించి సంప్రదించుకుంటారు. చెన్నై అడయార్‌లో 1954 నుండి, తిరుపతిలో 2022 నుండి ప్రత్యేక క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. వెళ్ళినప్పుడు ఆమెను పక్కనే కూర్చోబెట్టి అడగండి: ఏ దశ? నయం చేయడానికా, బాధ తగ్గించడానికా? వేరే మార్గముందా? తర్వాత చెయ్యి వాస్తే ఏం చేయాలి?

సంప్రదించు, నిశ్చయించుకున్న తర్వాత అల్లాహ్‌ను నమ్ముకో అన్నది ఖుర్ఆన్ నేర్పిన క్రమం (3:159). తవక్కుల్ మష్వరా తర్వాత వస్తుంది, దాని స్థానంలో కాదు. ఆ మష్వరాలో మొదటి చోటు రోగిదే.

రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక! వారి మాట వినే మనసు మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.