తప్పు చిట్టిదేనా? మూడు కుక్కలు నేర్పిన సమదృష్టి



భగవద్గీత ఐదో అధ్యాయం వీడియోలో పద్దెనిమిదో శ్లోకం దగ్గర కాసేపు ఆగాం, గుర్తుందా? చదువూ వినయమూ ఉన్న బ్రాహ్మణుడు, ఆవు, ఏనుగు, కుక్క, కుక్క మాంసం వండుకుని తినేవాడు... వీళ్ళందరినీ జ్ఞాని సమానంగా చూస్తాడని చెప్పే శ్లోకం. ఆ వీడియోకి స్క్రిప్ట్ రాసింది నేనే. రాసేటప్పుడు చాలా తేలిగ్గా అనిపించింది. అందరినీ ఒకేలా చూడాలి, అంతే కదా అనుకున్నా.

నెల తిరక్కుండానే మూడు కుక్కలతో ఐదు రోజులు ఒకే ఫ్లాట్‌లో ఉండాల్సి వచ్చింది. నేను రాసిన మాట నాకే అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. ఇది కొంచెం సిగ్గుపడుతూ రాస్తున్న పోస్ట్.

అప్పగింత

ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాడు. సొంతూరు పిఠాపురం. చెల్లి పెళ్ళి అక్కడే. వాడి దగ్గర మూడు కుక్కలున్నాయి. బ్రూనో పదకొండేళ్ళ లాబ్రడార్, కీళ్ళ నొప్పులు, లేవడానికే ఐదు నిమిషాలు పడుతుంది. లడ్డు రెండేళ్ళ బీగిల్, తిండి పేరెత్తితే చాలు పూనకం. మూడోది చిట్టి. మనం వీధి కుక్క అంటామే, ఆ జాతి. వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వణుకుతూ దొరికితే పైకి తెచ్చుకున్నాడు. వచ్చి అప్పటికి నాలుగు నెలలే.

మూడింటినీ పెళ్ళింటికి తీసుకెళ్ళడం కుదరదు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. "నేనున్నాను కదరా, వెళ్ళిరా" అన్నా. వాడు ఫ్రిజ్ మీద రెండు పేజీల లిస్ట్ అంటించి వెళ్ళాడు. బ్రూనో మాత్రల టైము, డాక్టర్ నంబరు, ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదని, ఇలా అన్నీ ఉన్నాయి. అందులో ఒక లైను కింద రెండు గీతలు గీశాడు: తిండి వేర్వేరు చోట్ల పెట్టాలి. బ్రూనోకి బెడ్‌రూమ్‌లో, లడ్డుకి హాల్లో, చిట్టికి వంటింటి బాల్కనీలో, తలుపు వేసి.

అది చదవగానే నాకు కోపం వచ్చింది. జాతి కుక్కలకి గదులు, వీధి నుంచి వచ్చినదానికి బాల్కనీనా? వీడింట్లో ఇంత వివక్షా అనుకున్నా. స్క్రిప్ట్ రాసిన వేడి ఇంకా తగ్గలేదు మరి. మూడు స్టీలు గిన్నెలు తెచ్చి, ఒకే కప్పుతో కొలిచి, హాల్లో వరసగా పెట్టాను. సమానత్వం సాధించేశానని లోపల చిన్న గర్వం కూడా.

ఒకే కొలత

మొదటి రాత్రి ఏ గొడవా లేకుండా గడిచింది. రెండో రోజు సాయంత్రం నేను కాల్‌లో ఉండగా హాల్లోంచి గుర్రుమనే శబ్దం. వెళ్ళి చూస్తే చిట్టి గిన్నె మీదికి వంగి, పళ్ళు బయటపెట్టి, లడ్డు వైపు గుర్రుమంటోంది. లడ్డు అమాయకంగా నిలబడి ఉంది.

టీపాయ్ మీద పేపర్ ఉంది. చుట్టి రెండు దెబ్బలు వేశాను. గట్టిగా కాదు అని నాకు నేను చెప్పుకున్నా. "వీధి బుద్ధి ఎక్కడికి పోతుంది" అని కూడా అన్నాను. సమదృష్టి మీద స్క్రిప్ట్ రాసిన నోరే! తర్వాత దాన్ని బాల్కనీలో పెట్టి తలుపేశాను. అవును, పొద్దున వివక్ష అని నేను విసుక్కున్న ఆ బాల్కనీలోనే.

మూడో రోజు పొద్దున చిట్టి గుర్రుమనలేదు. నిశ్శబ్దంగా తింది. చూశారా, కాస్త భయం ఉంటే క్రమశిక్షణ వస్తుంది అనుకున్నా. ఆ రాత్రి మాత్రం గుర్రు లేదు, హెచ్చరిక లేదు. చిట్టి ఒక్కసారిగా లడ్డు చెవి పట్టేసుకుంది. బ్రూనో లేవలేక అరుస్తోంది. నేను తెలివితక్కువగా మధ్యలో చెయ్యి పెట్టాను. ఎవరి పన్ను దిగిందో ఇప్పటికీ తెలీదు. చివరికి దుప్పటి మధ్యలోకి విసిరితే విడిపోయాయి.

కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు చెయ్యి కడుక్కున్నా. కుక్కలకి టీకాలు వేసి ఉన్నా సరే హాస్పిటల్‌కి వెళ్ళి ఇంజెక్షన్ మొదలుపెట్టించుకున్నా. మీరూ గుర్తుపెట్టుకోండి, ఈ విషయంలో "ఏం కాదులే" అనుకోకూడదు. లడ్డుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చెవికి మూడు కుట్లు పడ్డాయి.

నిజమే కానీ

దారిలోనే వాడికి ఫోన్ చేశా. వెనక సన్నాయి వినిపిస్తోంది. "చిట్టి లడ్డుని కరిచిందిరా, కుట్లు వేస్తున్నారు, కంగారుపడకు" అన్నా. ప్రతి మాటా నిజమే. వాడు కాసేపు ఆగి, "అమ్మ మొదట్నుంచీ వద్దంటోంది. వచ్చాక దాన్ని ఏదైనా షెల్టర్‌కి ఇచ్చేయాలేమో" అన్నాడు. నేను "హు" అన్నా. అంతే.

ఇంటికొచ్చాక హాల్లో కెమెరా రికార్డింగ్ తీశాను. ఆఫీసు నుంచి చూసుకోవడానికి వాడు పెట్టుకున్నది. చిట్టి కరిచిన క్లిప్ పంపిద్దామని నా ఉద్దేశం. సాక్ష్యం అన్నమాట. ఎలాగూ తీశాను కదా అని ముందు రోజుది కూడా చూశా.

లడ్డు నిమిషంలో తన గిన్నె ఖాళీ చేసి బ్రూనో గిన్నెలో మూతి పెట్టింది. ముసలిది పక్కకి తప్పుకుంది. అంటే రెండు రోజులుగా బ్రూనో సగం ఆకలితోనే ఉందన్నమాట. తర్వాత లడ్డు చిట్టి దగ్గరికి వెళ్ళింది. చిట్టి మొహం పక్కకి తిప్పుకుంది. పెదాలు నాక్కుంది. ఒళ్ళు బిగబట్టుకుని కదలకుండా నిలబడింది. లడ్డు తల గిన్నెలోకి వచ్చేసింది. అప్పుడు, అన్నిటికంటే ఆఖరున, చిట్టి గుర్రుమంది. సరిగ్గా ఆ క్షణంలో ఫ్రేమ్‌లోకి ఒక మనిషి వచ్చాడు, చేతిలో పేపర్‌తో.

రోజూ ఆఫీసులో నేను జూనియర్లకి చెప్పే మాటే ఇది: ఎర్రర్ వచ్చిన ఆఖరి లైన్ చూసి తీర్పు చెప్పకండి, లాగ్ మొదటి నుంచి చదవండి. నేను చదివింది ఆఖరి లైనే. గుర్రుమనడం కుక్క చేసే నేరం కాదు, "ఇక దగ్గరికి రావద్దు" అని అది మర్యాదగా చెప్పే చివరి మాట. ఆ మాటని నేను కొట్టి మాన్పించాను. ఇక దానికి మిగిలింది కరవడమే. ఆకలి తెలిసిన ప్రాణికి తలుపేసిన బాల్కనీ శిక్ష కాదు, ఎవరూ గిన్నె లాక్కోరనే ధైర్యం. నా స్నేహితుడు మూడింటినీ విడివిడిగా చూశాడు కాబట్టే మూడు చోట్లు రాశాడు. నేను మూడు గిన్నెలు చూశాను, కుక్కల్ని చూడలేదు.

సరమ అడిగిన ప్రశ్న

కుక్క అనగానే మనకి స్వర్గం దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క గుర్తొస్తుంది. అది మహాభారతం చివర. మొదట్లో కూడా ఒక కుక్క ఉంది, ఆదిపర్వంలో. జనమేజయుడు కురుక్షేత్రంలో యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు అక్కడికి వస్తాడు. జనమేజయుడి తమ్ముళ్ళు వాడిని కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. హవిస్సు ముట్టలేదు, కనీసం దాని వైపు చూడను కూడా లేదు. సరమ వచ్చి అడుగుతుంది: ఏ తప్పూ చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారు? జవాబు లేదు. అనుకోని భయం మిమ్మల్ని పట్టుకుంటుందని శపించి వెళ్ళిపోతుంది.

నన్నయగారి భారతంలో సరమ నోట ఉన్న పద్యం మనలో చాలామంది చదివే ఉంటారు. తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులకి, పేదవాళ్ళకి కీడు చేసేవాళ్ళకి కారణం కనపడని భయాలు వస్తాయని దాని భావం. నేను మార్కుల కోసం బట్టీ పట్టాను. ఆ రాత్రి సోఫాలో కూర్చుంటే అర్థమైంది. చిట్టి మంచం కిందనుంచి నన్ను చూస్తోంది. ఒక ప్రాణి ఇల్లు పోగొట్టుకోబోతోంది, నేను అన్న ఒక "హు" వల్ల. నాకు నిజంగానే భయం వేసింది.

వాడికి చెప్పకపోవడానికి కారణాలు బోలెడు దొరికాయి. పెళ్ళి హడావిడిలో వాడి మనసు పాడుచేయడం ఎందుకు? నేను అబద్ధం చెప్పలేదు కదా? ఇక్కడ మళ్ళీ ధర్మరాజే అడ్డొచ్చాడు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగు సంగతి ద్రోణుడికి వినపడకుండా అన్నవాడూ ఆయనే. ఆ మాటతో అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన నడిచిన ఆయన రథం నేలకి దిగిపోయిందంటారు. మాట నిజమైతే సరిపోదు. ఆ మాట విన్నవాడికి అందేది నిజమా కాదా అన్నదే లెక్క. అదే మనిషి చివరికి, నమ్మి వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి కూడా రానన్నాడు. సగం నిజానికీ ఆ మాటకీ మధ్య ఆయన ఎంత దూరం నడిచి ఉంటాడో!

చెప్పాను

తెల్లవారుజామున ముహూర్తం. తొమ్మిదింటికి ఫోన్ చేసి మొత్తం చెప్పా. గిన్నెలు, పేపర్, నేనన్న మాట, కెమెరా, అన్నీ. రెండు క్లిప్పులూ పంపించా. వాడు తిట్టలేదు. "ఫ్రిజ్ మీద రాశాను కదరా" అన్నాడు, అంతే. తర్వాత, "చిట్టి ఎక్కడికీ వెళ్ళదులే, అమ్మకి నేను చెప్తాను" అన్నాడు.

మిగిలిన రెండు రోజులూ వాడు రాసినట్టే చేశాను. మూడు చోట్ల మూడు గిన్నెలు. బ్రూనో పక్కన కూర్చుని అది తినేదాకా ఆగడం, లడ్డుకి కాస్త ఆటపట్టించి తినిపించడం, చిట్టికి తలుపేసి వదిలేయడం. కొలత మారింది, సమయం మారింది. మొదటిసారి మూడూ కడుపునిండా తిన్నాయి. సమదృష్టి అంటే నాకిప్పుడు అర్థమైనంతలో ఇదే: లోపలున్నది ఒకటే కాబట్టి ఎవరినీ తక్కువ చేయకూడదు. పైన ఉన్న ఆకలి, ముసలితనం, భయం ఒకటి కావు కాబట్టి ఎవరినీ చూడకుండా కొలవకూడదు.

అంతా సుఖాంతం అనుకోకండి. లడ్డు చెవి మానింది, నా చెయ్యి మానింది. చిట్టి మాత్రం ఇప్పటికీ నా చేతిలో పేపర్ కనిపిస్తే మంచం కిందికి దూరిపోతుంది. సారమేయుడు తల్లి దగ్గరికి పరిగెత్తాడు, దీనికి మంచమే దిక్కు. అందుకే ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఒట్టి చేతులతో వెళ్తాను, నేల మీద కూర్చుంటాను, పిలవను. మొన్న ఆదివారం తనంతట తానే వచ్చి కొంచెం దూరంలో పడుకుంది.

ఈ వారం మీరొక్క పని చేయండి. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా మీ మీద గుర్రుమంటే, జవాబు చెప్పే ముందు ఒక్క నిమిషం ఆగి అడగండి: దీనికి ముందు ఫ్రేమ్‌లో ఏం జరిగింది?

శుభం.