అరువు మాటల ప్రార్థన

పొద్దున్నే మోకరించి కళ్ళు మూసుకున్నానో లేదో, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుకొస్తుంది. దించి వచ్చి మళ్ళీ మోకరిస్తే ఇస్త్రీకి వేసిన బట్టలు. ఆ తర్వాత నా ప్రార్థన ఎలా సాగుతుందో చెప్పమంటారా? అబ్బాయి పరీక్ష, ఆయన బీపీ, అమ్మాయి సంబంధం, నా మోకాళ్ళ నొప్పి... అచ్చం పచారీ కొట్టుకు రాసిన చీటీ! చివర "ఆమేన్" ఒక్కటే తేడా.

మా అత్తగారు అలా కాదు. బైబిలు తెరిచి ఒక కీర్తన మెల్లగా చదివేవారు. ఏదో ఒక మాట దగ్గర ఆగిపోయేవారు. "కాపరి" అన్న మాట వచ్చిందనుకోండి, ఊళ్ళో లేని కొడుకుని తలుచుకుని, వాణ్ణి కాయి తండ్రీ అని ఆ మాటతోనే అడిగేవారు. కొత్త కోడల్ని, పైగా డిగ్రీ చదివినదాన్ని. ఊరుకుంటానా?

"ఎవరో రాసిన మాటలు మనం అప్పజెబితే అది మన ప్రార్థన ఎలా అవుతుంది అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "నీకు మాటలున్నన్నాళ్ళు నీ మాటలే చెప్పుకో అమ్మాయ్. మాటలు రాని రోజు ఒకటొస్తుంది, అప్పుడు చూద్దువుగాని" అన్నారు.

ఆ రోజు మా నాన్నగారు పోయిన రోజు. రాత్రంతా కూర్చున్నాను. దేవుడితో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. అత్తగారు వచ్చి ఎనభై ఎనిమిదో కీర్తన తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు. నూటయాభై కీర్తనల్లో ఇది వేరే తీరు. మొర పెట్టుకునే మిగతా కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఏదో ఒక ఊరట కనిపిస్తుంది. ఇది మాత్రం చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగిసిపోతుంది. దేవుడా, ఎందుకు మొహం చాటేశావని నిలదీసే మాటల్ని కూడా ప్రార్థన అనొచ్చని ఆ రాత్రి తెలిసింది. అవి ఎవరో రాసినవే, ఏడ్చింది మాత్రం నేనే.

పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సులో గిగో అనే సన్యాసి ఈ పద్ధతిని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు. చదవడం, నెమరు వేయడం, మొర పెట్టుకోవడం, ఆఖరికి మాటలు మాని ఊరికే దేవుడి దగ్గర ఉండడం. మా అత్తగారు గిగో పేరు కూడా విని ఉండరు. అయినా ఆ మెట్లన్నీ వంటింటి గుమ్మం పక్కనే ఎక్కేవారు.

అసలు బైబిల్లోనే ఈ అరువు సంప్రదాయం ఉంది. బిడ్డలు లేని హన్నా గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఆవిడ తన మాటలే చెప్పుకుంది. తర్వాత బిడ్డ పుట్టాక ఆవిడ పాడిన పాటలోని భావాలు, ఎన్నో తరాల తర్వాత మరియ పాడిన పాటలో మళ్ళీ వినిపిస్తాయి. సిలువ మీద యేసు వేసిన కేక కూడా ఇరవై రెండో కీర్తన మొదటి మాటే. అమ్మమ్మ పట్టుచీర మనం కట్టుకుంటే మన ఒంటి మడతలే పడతాయి కదా!

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నచ్చిన మాటలు ఏరుకోవడంలో. కొత్త సంవత్సరం రాత్రి మా చర్చిలో వాగ్దానం కార్డులు పంచుతారు. ఒక ఏడు నాకు ఓర్పు గురించి వచ్చింది. నచ్చక, ఎవరూ చూడకుండా ఇంకోటి తీశాను. నవ్వకండి, మీలోనూ తీసినవాళ్ళు ఉండే ఉంటారు!

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మా తోడికోడలు కూతురి పెళ్ళికని నా నాలుగు తులాల గాజులు అడిగి తీసుకుంది. పెళ్ళయ్యాక వాటిని కుదువ పెట్టిందని మూడో మనిషి ద్వారా తెలిసింది. ఇక చూసుకోండి నా భక్తి! శత్రువులకు కీడు కోరే కీర్తనలు కొన్ని ఉన్నాయి. నూట తొమ్మిదో కీర్తనైతే మరీను, శత్రువు పిల్లల్ని కూడా వదలదు. రోజూ రాత్రి అదే చదివి, హాయిగా నిద్రపోయేదాన్ని. వాక్యమే కదా చదువుతున్నానని ధీమా.

అరణ్యంలో యేసును శోధించినప్పుడు సాతాను కూడా కీర్తనల్లోని వాక్యమే వల్లించాడన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరం కలిసి పరలోక ప్రార్థన చెబుతున్నాం. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిందే. మత్తయి సువార్తలో ఉన్న ఆ ప్రార్థన తెలుగులో "ఋణం" అనే మాట వాడుతుంది. మాకు బాకీ పడ్డవాళ్ళను మేము వదిలేసినట్టే మా బాకీ నువ్వు వదిలెయ్యి అని దాని భావం. ఆ మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. పిల్లలు నా వైపు చూశారు. గాజులు ఋణం కాక మరేమిటి?

1535లో మార్టిన్ లూథర్, పీటర్ అనే తన మంగలి అడిగితే, ప్రార్థన ఎలా చెయ్యాలో చెబుతూ చిన్న పుస్తకం రాశాడు. గడ్డం గీసేవాడు కబుర్లలో పడి దిక్కులు చూస్తే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనలోనూ మనసు మాట మీద ఉండాలి అని అందులో హెచ్చరించాడు. ఆ ఏడే ఈస్టరు రోజుల్లో ఆ పీటరే తాగిన మత్తులో అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు! లూథర్ వగైరాలు బతిమాలబట్టి ప్రాణం దక్కింది గానీ, ఊరు విడిచి పోవలసి వచ్చింది. తన కోసమే రాసిన పుస్తకం చేతిలో ఉన్నా, తన చేతిని తాను ఆపుకోలేకపోయాడు. ఇక నేనెంత?

అలాగని "క్షమించావు కదా, నోరు మూసుకో" అని ఆడవాళ్ళకు వాక్యం చదివి చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. కీర్తనలే ఫిర్యాదు చేసుకోమని నేర్పాయి. ఆ శాపనార్థాల కీర్తన కూడా తీర్పు దేవుడి చేతిలో పెట్టేదే. నేను దేవుడికి ఫిర్యాదు ఇచ్చి, తీర్పు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. తేడా అక్కడుంది.

మర్నాడు మా తోడికోడలికి ఫోను చేశాను. "గాజులు కుదువ పెట్టావని తెలిసింది, నాకు కష్టంగా ఉంది" అన్నాను. అంతే, ఒక్క ఎత్తిపొడుపు కలపలేదు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "అక్కా, మొహం చెల్లక చెప్పలేదు" అని ఏడ్చింది.

గాజులు ఇంకా రాలేదు. వస్తాయో రావో తెలీదు. కొన్ని రాత్రులు ఆ ఋణం మాట దగ్గర గొంతు ఇంకా తడబడుతుంది. కానీ దాటవేసి ముందుకు పోవడం మాత్రం మానేశాను. నాకు నచ్చే మాటలు నేనే చెప్పుకోగలను. నాకు నచ్చని మాట నా నోట పలికించడానికే ఆ పుస్తకం కావాలి.